జీవిత సోపానం – తరాల ఋణం



ఈ ఉపన్యాస కార్యక్రమంలో ఈ సాయంకాలం నాకు అప్పగించిన విషయం “మానవ స్వభావము – దాని వికాసము” అన్నది. ఇది మనస్తత్వ శాస్త్రానికి సంబంధించిన విషయం. పేరు వినగానే ఇది పండితుల గొడవ, మనకెందుకని ఎవరూ అనుకోవద్దు. ఇది ప్రతి ఇంటి ప్రశ్న.

కొద్దిరోజుల క్రితం ఒక గృహస్థు నా వద్దకు వచ్చారు. “అయ్యా! మా పెద్దవాడికి పందొమ్మిదేళ్లు. వాడికి ఏడాది నిండకముందే ఉద్యోగరీత్యా మేము దూరప్రాంతానికి వెళ్లవలసి వచ్చి, నాలుగేళ్లపాటు వాణ్ణి మా అత్తవారింట వదిలాము. వాళ్లు బాగానే చూసుకున్నారు. తరువాత తెచ్చుకున్నాము. ఏ లోటూ చేయలేదు. కాని వాడు మాతో మనసిచ్చి మాట్లాడడు. అడిగినదానికి అవును, కాదు అంటాడు, అంతే. మొక్కై వంగనిది మానై వంగునా అన్నారు కదా. ఇక ఆశ వదులుకోవలసిందేనా?” అని అడిగారు. అడుగుతూ కళ్లనీళ్లు పెట్టుకున్నారు.

నేను వైద్యుణ్ణి కాను. ముప్పై ఏళ్లు పిల్లలకు పాఠాలు చెప్పినవాణ్ణి. ఆ రోజు ఆయనకు తృప్తికరమైన సమాధానం చెప్పలేకపోయాను. ఈ ఉపన్యాసం ఆయనకు నేను బాకీపడిన సమాధానమే అనుకోండి.

ఆ గృహస్థు ప్రశ్నలో ఒక సిద్ధాంతం దాగి ఉన్నది. మనిషి చిన్ననాడే పూర్తిగా తయారైపోతాడు, ఆ తరువాత మార్చలేము అన్నదే ఆ సిద్ధాంతం. పాశ్చాత్య మనోవిజ్ఞానంలో కూడ చాలాకాలం ఇటువంటి అభిప్రాయమే ప్రబలంగా ఉండేది. వియన్నా నగరంలో వైద్యుడైన సిగ్మండ్ ఫ్రాయిడ్ మొదటి అయిదారేళ్లలోనే వ్యక్తిత్వానికి పునాది పడిపోతుందని, పెద్దయిన తరువాత కలిగే మనోవ్యథలకు మూలాలు అక్కడనే వెదకాలని చెప్పారు. అమెరికాలో జాన్ వాట్సన్ మరొక దారి పట్టారు. ఆరోగ్యవంతులైన పసిబిడ్డలను తన చేతికిస్తే, వారి వంశం ఏదైనా సరే, తాను కోరినట్లు వైద్యుణ్ణో, న్యాయవాదినో, దొంగనో తయారు చేయగలనని 1920లలో సవాలు చేశారు. ఒకరు లోపలి కోరికలను చూశారు, మరొకరు బయటి శిక్షణను చూశారు. కాని ఇద్దరి చిత్రంలోనూ మనిషి బాల్యంలో పోతపోసిన విగ్రహం వంటివాడే. పోత చల్లారిన తరువాత ఇక చెక్కడమే గాని మలచడం లేదు.

ఈ అభిప్రాయాన్ని మార్చినవారిలో ముఖ్యుడు ఎరిక్ ఎరిక్సన్. ఆయన సిద్ధాంతాన్నే నేడు మీకు విన్నవించదలచాను. ముందుగా ఆయన జీవితం గూర్చి నాలుగు మాటలు చెప్పాలి. ఎందుకంటే, ఆ సిద్ధాంతం ఆయన గాయంలోనుండి పుట్టినది.

ఎరిక్సన్ 1902లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో జన్మించారు. తల్లి డెన్మార్కు దేశపు యూదు వనిత. కన్నతండ్రి ఎవరో ఆయనకు జీవితాంతం తెలియలేదు. తల్లి హోంబర్గర్ అనే శిశువైద్యుని వివాహమాడినది. ఆయనే నీ తండ్రి అని బాలునికి చెప్పి పెంచారు. బాలుడేమో ఎత్తరి, నీలికళ్లవాడు, బంగారువన్నె జుట్టువాడు. యూదుల ప్రార్థనాలయంలో తోటిపిల్లలు “నీవు మావాడవు కావు” అని వెక్కిరించేవారు. బడిలో జర్మను పిల్లలు “నీవు యూదువు” అని దూరం పెట్టేవారు. ఇటూ కాక, అటూ కాక నలిగిన ఆ బాలుని హృదయంలో “నేనెవరు?” అనే ప్రశ్న నాటుకొన్నది.

బడి ముగిసిన తరువాత విశ్వవిద్యాలయానికి వెళ్లలేదు. బొమ్మలు గీసుకుంటూ కొన్నేళ్లు ఐరోపాలో తిరిగారు. 1927లో ఒక మిత్రుని పిలుపుపై వియన్నా చేరి, ఒక చిన్న పాఠశాలలో ఉపాధ్యాయుడైనారు. అక్కడ ఫ్రాయిడ్ కుమార్తె అన్నా ఫ్రాయిడ్ ఆయనలోని శక్తిని గుర్తించి, పిల్లల మనోవిశ్లేషణలో శిక్షణ ఇచ్చారు. 1933లో హిట్లరు పాలన వచ్చిన తరువాత భార్య జోన్‌తో, బిడ్డలతో అమెరికా చేరారు. 1939లో ఆ దేశ పౌరుడైనప్పుడు తనకు తానే ‘ఎరిక్సన్’ అని ఇంటిపేరు పెట్టుకున్నారు. ఎరిక్ కుమారుడు అని ఆ పేరుకు అర్థం. అంటే తనకు తానే కుమారుడు! పట్టభద్రుడు కాని ఈయనే 1960లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైనారు. 1994లో పరమపదించారు.

1950లో వెలువడిన ‘చైల్డ్‌హుడ్ అండ్ సొసైటీ’ అనే గ్రంథంలో ఆయన మానవ జీవితాన్ని ఎనిమిది మెట్లుగా వర్ణించారు. ఫ్రాయిడ్ లెక్క యౌవనంతో ముగిసిపోతే, ఎరిక్సన్ లెక్క మరణశయ్య దాకా సాగుతుంది. గర్భస్థ శిశువులో ఒక్కొక్క అవయవానికి ఒక్కొక్క సమయం ఉన్నట్లే, మనసులోని ఒక్కొక్క శక్తికీ వికసించే కాలం ఒకటి ఉన్నదని ఆయన ఊహ. ప్రతి మెట్టు మీద రెండు శక్తుల మధ్య ఒక పెనుగులాట జరుగుతుంది. అందులో మంచి పాలు హెచ్చితే మనిషికి ఒక గుణం సంపాద్యమవుతుంది.

ఇక్కడ ఒక సంగతి జాగ్రత్తగా గమనించండి. రెండవ శక్తి పూర్తిగా నశించాలని ఆయన అనలేదు. ఎవరినైనా నమ్మే బిడ్డ అగ్నినీ నమ్ముతాడు, పామునూ నమ్ముతాడు. కొంత అపనమ్మకం ఉండితీరాలి. సిగ్గు బొత్తిగా లేనివాడు సంఘంలో బ్రతుకలేడు. కావలసినది ఒకదాని విజయం కాదు, రెంటి సమతూకం. వంటలో ఉప్పు వంటిది ఈ విషయం.

ఇక ఒక్కొక్క మెట్టునే చూతాము.

మొదటి మెట్టు, నమ్మకానికీ అపనమ్మకానికీ మధ్య. ఇది పుట్టిన మొదటి ఏడాది. ఆకలి వేసి ఏడిస్తే ఎవరైనా వస్తారా, రారా? వస్తే రేపు కూడ వస్తారా? బిడ్డకు భాష లేదు గాని ఈ ప్రశ్న ఉన్నది. వచ్చిన చేయి మళ్లీ మళ్లీ వస్తే, ఈ లోకం నమ్మదగినదే అన్న భావన ఎముకలలో ఇంకుతుంది. దానివల్ల కలిగే గుణం ఆశ.

రెండవ మెట్టు, స్వయంకర్తృత్వానికీ సిగ్గు సందేహాలకూ మధ్య. ఇది రెండు మూడేళ్ల ప్రాయం. ముద్ద తానే కలుపుకుంటానంటాడు. సగం నోట్లోకి, సగం నేలమీదకు పోతుంది. చెప్పు తానే తొడుక్కుంటానని కుడిది ఎడమకు తొడుగుతాడు. మనకు బస్సు దాటిపోతున్నది. విసుగుతో లాక్కొని మనమే తొడిగేస్తాము. ఒకనాడు చేస్తే తప్పులేదు. ప్రతినాడూ చేసి, పైగా పదిమందిలో నవ్వితే, “నా చేతులు పనికిరావు” అని ఆ పసివాడు తెలుసుకుంటాడు. చేయనిస్తే సంకల్పబలం కలుగుతుంది.

మూడవ మెట్టు, చొరవకూ అపరాధభావానికీ మధ్య. నాలుగయిదేళ్ల పిల్ల పీటవేసి గంట వాయించి బొమ్మకు పూజ చేస్తుంది. తమ్ముణ్ణి కూర్చోబెట్టి పంతులమ్మలాగ పాఠం చెబుతుంది. ఎందుకు, ఎట్లా అని ప్రాణం తీస్తుంది. “నోర్మూసుకో” అనేదే మన నిత్య సమాధానమైతే, అడగటమే తప్పని నేర్చుకుంటుంది. ఆడనిస్తే లక్ష్యమన్నది అలవడుతుంది.

నాలుగవ మెట్టు, శ్రమశీలతకూ న్యూనతాభావానికీ మధ్య. ఇది బడి వయసు. తన చేతితో ఒక పని పూర్తిచేసి, బాగున్నదనిపించుకోవాలన్న తపన ఇప్పుడు పుడుతుంది. లెక్క కావచ్చు, ముగ్గు కావచ్చు, బంతాట కావచ్చు. దీనిని మనం ఒక్క ర్యాంకుతో కొలిస్తే ఏమవుతుంది? నలభైమంది తరగతిలో ఒక్కడే మొదటివాడు. మిగిలిన ముప్పైతొమ్మిదిమందికీ మనం ఏమి చెబుతున్నట్లు? ఉపాధ్యాయునిగా నేను కూడ ఈ తప్పు చేసినవాణ్ణే. పిల్లవానికి ఏ పనిలో చేయి తిరిగినదో చూసి చెప్పడానికి ఒక్క నిమిషం పడుతుంది. ఆ నిమిషం ఎన్నోసార్లు ఇవ్వలేదు.

అయిదవ మెట్టు, “నేనెవరు?” అనే నిశ్చయానికీ అయోమయానికీ మధ్య. ఎరిక్సన్ పేరు లోకానికంతా తెలిసినది ఈ మెట్టు వలననే. రెండవ ప్రపంచయుద్ధకాలంలో ఆయన గాయపడిన సైనికులకు చికిత్స చేసేవారు. తాము ఎవరో తమకే పట్టుబడని స్థితిలో ఉన్న ఆ సైనికులను చూసి, ఈ సంక్షోభాన్ని ఆయన గుర్తించారు. యౌవనంలో అది అందరికీ సహజమే అని తరువాత విస్తరించి చెప్పారు. యువకునికి కొంత వ్యవధి కావాలని, ఇది అది అని పరీక్షించుకునే గడువు సమాజం ఇవ్వాలని ఆయన వాదన. తాను బొమ్మలు గీసుకుంటూ తిరిగిన కాలమే ఆయన మనసులో ఉన్నదేమో.

1966లో జేమ్స్ మార్షియా అనే మనోవిజ్ఞాని దీనిని మరికొంత పరిశీలించి, యువకులు నాలుగు స్థితులలో ఉంటారన్నారు. వెదకి నిశ్చయించుకున్నవారు ఒక తెగ. ఇంకా వెదకుతున్నవారు రెండవ తెగ. వెదకనూ లేదు, నిశ్చయించుకోనూ లేదు, గాలికి పోతున్నవారు మూడవ తెగ. వెదకకుండానే, పెద్దలు ఇచ్చినదానిని పుచ్చుకొని తలుపు మూసుకున్నవారు నాల్గవ తెగ. ఈ నాల్గవ తెగవారు చూడటానికి బుద్ధిమంతుల వలె కనిపిస్తారు. మన ప్రాంతంలో పిల్లవాడు ఆరవ తరగతిలో ఉండగానే ఇంజనీరా, డాక్టరా అని నిర్ణయించి, పోటీపరీక్షల శిక్షణకు హాస్టలులో చేర్చే తల్లిదండ్రులు ఈ నాల్గవ తెగను గూర్చి కొంచెం ఆలోచించాలి. వెదకుట అనేది మానిపిస్తే ఆగిపోదు. వాయిదా పడుతుంది. ముప్పైఅయిదేళ్లప్పుడు భార్యాబిడ్డలతో ఉన్నవాడు “నేనెవరి బ్రతుకు బ్రతుకుతున్నాను?” అని లేచి కూర్చుంటాడు. ఈ మెట్టు దాటినవానికి కలిగే గుణం నిష్ఠ. తాను ఎన్నుకున్నదానికి కట్టుబడి ఉండే శక్తి అది.

ఆరవ మెట్టు, ఆత్మీయతకూ ఏకాకితనానికీ మధ్య. తాను ఎవరో తెలిసినవాడే తనను మరొకరితో పంచుకోగలడు. దీని గుణం ప్రేమ.

ఏడవ మెట్టు, తరువాతి తరాన్ని పోషించుటకూ, తనలోనే కూరుకుపోవుటకూ మధ్య. ఇది నడివయసు. కన్నబిడ్డలను పెంచడమే కాదు, శిష్యుణ్ణి తీర్చిదిద్దటం, చెట్టు నాటటం, ఊరికి బావి త్రవ్వించటం, తెలిసిన విద్యను చెప్పిపోవటం, అన్నీ ఇందులోనివే. బిడ్డలు లేనివారు ఈ మెట్టు చక్కగా ఎక్కవచ్చు. అయిదుగురిని కన్నవారు ఎక్కకపోవచ్చు. దీని గుణం సంరక్షణ.

ఎనిమిదవ మెట్టు, సమగ్రతకూ నిరాశకూ మధ్య. వృద్ధుడు వెనుదిరిగి చూస్తాడు. జరిగినది జరిగినట్లుగా, తప్పులతో కూడ, ఇది నా జీవితమే అని అంగీకరించగలడా? లేక, ఇంకొక అవకాశం ఉంటే బాగుండునే, కాలం లేదే అని కుములుతాడా? అంగీకరించినవాని గుణం వివేకం. ఎరిక్సన్ ఇక్కడ ఒక అందమైన ముడి వేశారు. మరణానికి భయపడని పెద్దలున్న ఇంట పిల్లలు జీవితానికి భయపడరు అన్నది ఆయన భావం. ఎనిమిదవ మెట్టు వచ్చి మొదటి మెట్టును తాకినది. తాతగారి వివేకం మనుమని ఆశగా మారుతున్నది.

మహాశయులారా! ఈ మెట్లు వింటున్నప్పుడు మన ఆశ్రమధర్మాలు మీకు గుర్తుకు వచ్చే ఉంటాయి. ఎరిక్సన్‌కు కూడ వచ్చాయి. 1962లో మానవ జీవితచక్రం గూర్చిన ఒక గోష్ఠికై ఆయన అహ్మదాబాదు వచ్చారు. అక్కడ ఆయనకు ఆతిథ్యమిచ్చినవారు మిల్లు యజమాని అంబాలాల్ సారాభాయి. 1918లో అహ్మదాబాదు మిల్లు కార్మికుల సమ్మెకు గాంధీమహాత్ముడు నాయకత్వం వహించి నిరాహారదీక్ష పూనినప్పుడు ఎదుటి పక్షంలో ఉన్నది ఈ అంబాలాలే. కార్మికుల పక్షాన గాంధీజీతో నిలిచినది ఆయన సొంత సోదరి అనసూయాబెన్. ఈ కథ ఎరిక్సన్‌ను పట్టుకొన్నది. ఆనాటి వారిని కలిసి మాట్లాడి, 1969లో ‘గాంధీస్ ట్రూత్’ అనే గ్రంథం ప్రకటించారు. దానికి పులిట్జర్ బహుమతి వచ్చినది. ఆ గ్రంథంలో బ్రహ్మచర్యాది ఆశ్రమాలను తన మెట్లతో పోల్చి చూశారు.

పోలికతో పాటు భేదం కూడ ఉన్నది. మన ఆశ్రమక్రమం విద్యార్థితో మొదలవుతుంది. ఎరిక్సన్ క్రమం ఊయలతో మొదలవుతుంది. మన క్రమం మనిషి ఏమి చేయవలెనో చెబుతుంది. ఆయన క్రమం మనిషికి ఏమి జరుగుతుందో చెబుతుంది. రెంటికీ ఒక లోపం సమానం. ఆశ్రమక్రమం పురుషుని దృష్టిలో పెట్టుకొని చెప్పినది. ఎరిక్సన్ క్రమం కూడ అంతేనని, ఆయనతో కలిసి హార్వర్డులో బోధించిన కారల్ గిల్లిగన్ అనే విదుషీమణి 1982లో విమర్శించారు. ముందు తానెవరో నిశ్చయించుకొని తరువాత ఆత్మీయత అన్నది మగవాని వరుస, స్త్రీల జీవితంలో ఈ రెండూ పెనవేసుకొని వస్తాయని ఆమె వాదం. ఆలోచింపదగిన మాటే. మన దేశంలో సుధీర్ కకర్ అనే మనోవిశ్లేషకుడు, ఎరిక్సన్‌కు హార్వర్డులో సహాయకుడుగా పనిచేసినవారు, 1978లో వెలువరించిన గ్రంథంలో మరొక సంగతి చూపారు. మన ఇళ్లలో బిడ్డ, ముఖ్యంగా మగబిడ్డ, పాశ్చాత్య శిశువుకంటె ఎక్కువకాలం తల్లి కొంగు పట్టుకొని పెరిగి, నాలుగయిదేళ్లప్పుడు ఉన్నట్టుండి పురుషుల క్రమశిక్షణలోకి నెట్టబడతాడని. కనుక ఈ మెట్లు అన్ని దేశాలలో ఒకే ఎత్తున, ఒకే దూరాన ఉండవు. వయసుల లెక్కలను శిలాశాసనంగా తీసుకోరాదు.

ఇక చెప్పడానికి కష్టమైన భాగానికి వస్తున్నాను.

‘గాంధీస్ ట్రూత్’ మధ్యలో ఎరిక్సన్ కథనం ఆపి, స్వర్గస్థుడైన గాంధీజీకి ఒక లేఖ వ్రాశారు. మహాత్మా, మీ అహింస గొప్పది. కాని మీ ఇంటిలో, మీ సన్నిహితుల ఎడల మీరు చూపిన కాఠిన్యం మాటేమిటి? అన్నది ఆ లేఖ సారాంశం. చదివినవారు ఈయన ధైర్యానికి ఆశ్చర్యపడ్డారు.

ఆ లేఖ వ్రాసినవాని ఇంటిలో ఒక రహస్యం ఉన్నది. 1944లో ఎరిక్సన్ దంపతులకు నాల్గవ బిడ్డ పుట్టాడు. పేరు నీల్. డౌన్ సిండ్రోమ్ అనే పుట్టుకతో వచ్చే బుద్ధిమాంద్యంతో పుట్టాడు. అటువంటి బిడ్డలను వెంటనే సంస్థలలో చేర్చటమే మేలని ఆ కాలపు వైద్యులు సలహా చెప్పేవారు. ప్రసవానంతరం భార్య కోలుకోకముందే ఎరిక్సన్ ఆ నిర్ణయం తీసుకున్నారు. ఇంటిలోని బిడ్డలకు, తమ్ముడు పుట్టగానే మరణించాడని చెప్పారు. నీల్ 1965 వరకు, సుమారు ఇరవైయొక్క ఏళ్లు, సంస్థలోనే జీవించి మరణించాడు. ఈ విషయం 1999లో వెలువడిన ఎరిక్సన్ జీవితచరిత్ర ద్వారా లోకానికి విస్తారంగా తెలిసినది. ఆయన కుమార్తె కూడ దీనిని గూర్చి బాధతో వ్రాసినది.

తేదీలు చూడండి. నీల్ పుట్టినది 1944. బిడ్డకు అన్నిటికంటె ముందు కావలసినది నమ్మకం అని చెప్పిన గ్రంథం 1950. తనకు తండ్రి విషయంలో అసత్యం చెప్పి పెంచారని జీవితాంతం బాధపడిన మనిషి, తన బిడ్డలకు తమ్ముని విషయంలో అసత్యం చెప్పాడు.

ఈ మాట నేను ఆయనను నిందించటానికి చెప్పటం లేదు. ఆ కాలం, ఆ వైద్యుల మాట, ఆ తండ్రి భయం మనకు తెలియనివి కావు. మన ఊళ్లలో కూడ ఇటువంటి బిడ్డలను చుట్టాలు వచ్చినప్పుడు లోపలి గదిలో ఉంచే ఇళ్లు ఉన్నాయి. కాని సిద్ధాంతం తెలిసినంత మాత్రాన మనిషి రక్షింపబడడు అన్నది ఇక్కడ నేర్చుకోవలసిన మొదటి పాఠం. రెండవ పాఠం మరింత ముఖ్యమైనది. ఆ ఇంటిని వెంటాడినది బిడ్డను దూరంగా పెంచటం ఒక్కటే కాదు. ఆ మాట ఇంటిలో చెప్పుకోలేకపోవటం. దాచినది మాయమైపోదు. భోజనాల బల్ల దగ్గర ఒక ఖాళీ పీటవలె అది కూర్చొని ఉంటుంది. పిల్లలకు విషయం తెలియకపోయినా, తెలియకూడనిది ఏదో ఉన్నదని మాత్రం తెలుస్తుంది.

ఇప్పుడు మన గృహస్థు వద్దకు తిరిగి పోదాము. ఆయన ప్రశ్న ఏమిటి? మానై వంగునా అని. ఎరిక్సన్ సమాధానం ఇది. ఒక మెట్టు మీద తేలని పెనుగులాట అక్కడే సమాధి అయిపోదు. ప్రతి కొత్త మెట్టు మీదా పాత ప్రశ్న కొత్త వేషంలో మళ్లీ వస్తుంది. పసినాటి “నమ్మవచ్చునా?” అన్న ప్రశ్న యౌవనంలో “ఎవరికి కట్టుబడి ఉండాలి?” అని వస్తుంది. వివాహంలో “నా మనసు విప్పితే నవ్వరు కదా?” అని వస్తుంది. వార్ధక్యంలో మరణం ఎదుట మరల వస్తుంది. వచ్చిన ప్రతిసారీ అది ఒక కష్టమే. కాని వచ్చిన ప్రతిసారీ అది ఒక అవకాశం కూడ. మొదటి మెట్టు బలహీనమైతే తరువాతి ఎక్కుడు కష్టమవుతుంది, నిజమే. అసాధ్యం మాత్రం కాదు.

అయితే ఆ తండ్రి చేసినది ఏమిటి? పందొమ్మిదేళ్లుగా బట్టలు, చదువు, వాహనం, ఏ లోటూ చేయలేదు. ఒక్క పని చేయలేదు. “నిన్ను నాలుగేళ్లు వదిలి ఉన్నాము. అప్పుడు మాకు వేరే దారి తోచలేదు. నీకెంత బాధ కలిగినదో మేము ఎన్నడూ అడగలేదు” అని కుమారుని ఎదుట కూర్చొని చెప్పలేదు. చెబితే వాడు దూరమవుతాడని భయం. చెప్పకపోవటం వల్లనే వాడు దూరంగా ఉన్నాడని ఆయనకు తోచలేదు.

అయ్యా, ఆ మాట చెప్పండి. ఒక్కనాడు చెబితే ఇరవై ఏళ్ల గడ్డ కరగదు. వాడు కోపగించవచ్చు, లేచి వెళ్లిపోవచ్చు. వెళ్లనివ్వండి. మరునాడు మీరు అక్కడనే ఉండండి. పసివాడు ఏడ్చినప్పుడు మళ్లీ మళ్లీ వచ్చిన చేయి నమ్మకాన్ని ఇచ్చినట్లే, పెద్దవాడు కోపగించినప్పుడు మళ్లీ మళ్లీ నిలిచిన మనిషి కూడ నమ్మకాన్ని ఇస్తాడు. బిడ్డ తిండీ నిద్రా మాని బొత్తిగా ముడుచుకుపోతే, సంకోచింపక మానసిక వైద్యుని వద్దకు తీసుకొనిపోండి. అది అవమానం కాదు.

ఇంకొక మాట చెప్పి ముగిస్తాను. మనం సాధారణంగా పెద్దలే పిల్లలను పెంచుతారనుకుంటాము. పిల్లలు కూడ పెద్దలను పెంచుతారని ఎరిక్సన్ చెప్పారు. పసివాడు ఏడ్చి ఇద్దరు మనుషులను తల్లిదండ్రులుగా మలుస్తాడు. శిష్యుడు ప్రశ్నించి గురువును గురువుగా నిలబెడతాడు. నడివయసువానికి తాను అవసరమైనవాణ్ణి అన్న భావన కావాలి. అది ఇవ్వగలిగినది చిన్నతరం మాత్రమే. మన పెద్దలు ఋణములని చెప్పినప్పుడు తండ్రికి కుమారుడు పడిన ఋణమే మనకు ముందు గుర్తుకు వస్తుంది. తండ్రి కుమారునికి పడిన ఋణం కూడ ఒకటి ఉన్నది. ఆ ఋణంలో అధికభాగం డబ్బుతో తీరదు. సమయంతోను, సత్యంతోను మాత్రమే తీరుతుంది.

ఎరిక్సన్ మరణించిన తరువాత ఆయన భార్య జోన్, తానే తొంభై దాటిన వయసులో, ఎనిమిది మెట్లకు తొమ్మిదవదానిని చేర్చి వ్రాశారు. అది 1997లో వెలువడినది. అతివృద్ధాప్యంలో కాళ్లూ కళ్లూ సహకరించనప్పుడు, పసిబిడ్డవలె ఒకరి చేతిమీద ఆధారపడవలసి వచ్చినప్పుడు, వెనుకటి మెట్లన్నీ మళ్లీ తిరుగుబాటు చేస్తాయని ఆమె అనుభవంతో చెప్పారు. మొదటి ప్రశ్న మళ్లీ మొదటికి వస్తుంది. పిలిస్తే ఎవరైనా వస్తారా?

మీ ఇంట ఊయలలో ఒకరు, మంచంమీద ఒకరు ఈ ప్రశ్ననే అడుగుతూ ఉండవచ్చు. నడుమ ఉన్నవారు మీరు. ఈ రాత్రి ఇంటికి వెళ్లి, పిలవకముందే ఒకసారి వారి వద్దకు వెళ్లి కూర్చోండి. చెప్పవలసిన మాట ఏదైనా మిగిలి ఉంటే చెప్పండి.